మాత్రలు వేసుకున్నా షుగర్ తగ్గట్లేదా? చపాతీ మానేస్తే సరిపోతుందా?

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు లంక గ్రామాల్లో వరి అన్నమే ప్రధాన ఆహారం. షుగర్ అని తేలితే మాత్రం చాలామంది రాత్రిపూట చపాతీకి మారిపోతారు. బియ్యంలో లేని గ్లూటెన్ అనే ప్రోటీన్ గోధుమలో ఉంటుంది. మరి షుగర్‌కు, దీనికి లింక్ ఉందా?

సాధారణంగా 30 ఏళ్లు దాటాక కొందరికి 'లాడా' అనే షుగర్ వస్తుంది. ఇందులో మన రోగనిరోధక వ్యవస్థే ఇన్సులిన్ తయారుచేసే కణాలను దెబ్బతీస్తుంది. దీన్ని చాలాసార్లు టైప్-2 అనుకుంటారు. మొదట్లో మాత్రలు పనిచేసినా, తర్వాత ఇన్సులిన్ అవసరమవుతుంది. సన్నగా ఉన్నవారికి మాత్రలతో షుగర్ అదుపులోకి రాకపోతే గాడ్ యాంటీబాడీ రక్తపరీక్ష గురించి డాక్టర్‌ను అడగాలి.

గ్లూటెన్ పడని జబ్బు సీలియాక్. దీనికి, ఈ తరహా షుగర్‌కు కొన్ని జన్యువులు ఉమ్మడిగా ఉంటాయి. అందుకే కొందరిలో రెండూ కనిపిస్తాయి. అంతేగానీ, గ్లూటెన్ వల్లే షుగర్ వస్తుందని రుజువు కాలేదు.

తరచూ విరేచనాలు, కడుపు ఉబ్బరం, రక్తహీనత ఉంటే సీలియాక్ పరీక్ష చేయించుకోవాలి. అప్పటిదాకా గోధుమ మానొద్దు. మానేస్తే జబ్బు ఉన్నా పరీక్షలో బయటపడకపోవచ్చు.

గ్లూటెన్ లేదు కదా అని అన్నం ఎక్కువ తింటే షుగర్ పెరుగుతుంది. ఇక చపాతీ మానేశాం కదా అని ఇన్సులిన్ ఆపేస్తే ప్రాణాల మీదకే వస్తుంది.