నిద్రలో నడిచే బాణీ – హవాయి గిటారుపై ఒక కఠిన పాఠం

హవాయి గిటారు అనగానే మనలో చాలామందికి పాత హిందీ చలనచిత్ర గీతాల బాణీలు గుర్తుకు వస్తాయి. వాన్ షిప్లే వంటి వాద్యకారులు ఆ గీతాలను మాటలు లేకుండా తీగపై పలికించి, దేశమంతటా శ్రోతలను సంపాదించుకున్నారు. 1967లో వెలువడిన 'కాల్ ఆఫ్ ది వ్యాలీ' రికార్డులో శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువుల సరసన బ్రిజ్ భూషణ్ కాబ్రా గిటారు హిందూస్తానీ రాగాలను వినిపించింది. ఈ వాద్యం మనకు పరాయిది కాదని చెప్పడానికి ఈ రెండు నిదర్శనాలు చాలును. అయితే ఈ వ్యాసంలో దాని సమగ్ర చరిత్రను వ్రాయడం మా ఉద్దేశం కాదు. ప్రసిద్ధమైన ఒక్క బాణీని తీసుకొని, అది ఎందుకు కఠినమో, దానిని ఏ క్రమంలో సాధించవలెనో వివరించదలచినాము. మేము తెలుగు బోధించేవారమే గాని సంగీత విద్వాంసులము కాము. కాని ఒక విద్యలో ఏది ముందు, ఏది వెనుక అన్న ప్రశ్న బోధకులందరికీ సంబంధించినదే గదా!

ముందుగా వాద్యాన్ని గూర్చి రెండు మాటలు. హవాయి దీవులలో 1874లో జన్మించిన జోసెఫ్ కెకూకు, హొనొలూలూలోని కామెహమెహా పాఠశాలలో విద్యార్థిగా ఉన్న రోజులలోనే గిటారు తీగలపై ఉక్కు ముక్కను జార్చి వాయించే పద్ధతిని రూపొందించినాడని ప్రసిద్ధి. మొదట దువ్వెనతోను, చాకుతోను ప్రయత్నించి, చివరకు ఉక్కు కడ్డీని తయారు చేసుకున్నాడని చెబుతారు. ఒక విద్యార్థి కుతూహలం ఇంత దూరం వెళ్లినదన్న సంగతి మన విద్యార్థులు గుర్తుంచుకోదగినది. తీగను నొక్కకుండా దానిపై నున్నని వస్తువును జార్చి స్వరం పలికించే పద్ధతి మన దేశంలోనూ ఉన్నది. దక్షిణాదిన చిత్రవీణ అనే గోటువాద్యం, ఉత్తరాదిన విచిత్రవీణ ఇటువంటివే. కర్ణాటక సంగీతంలో 'జారు' అన్నా, హిందూస్తానీలో 'మీండ్' అన్నా, ఒక స్వరం నుండి మరొక స్వరానికి తెగకుండా సాగే ఈ గమనమే ఈ వాద్యానికి ప్రాణం.

మేము ఎంచుకున్న బాణీ పేరు 'స్లీప్ వాక్', అనగా నిద్రలో నడక. దీనిని హవాయి వారు కూర్చలేదు. న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌కు చెందిన శాంటో, జానీ ఫరీనా అనే అన్నదమ్ములు దీనిని రూపొందించి 1959లో రికార్డు చేసినారు. అన్న శాంటో స్టీల్ గిటారును, తమ్ముడు జానీ మామూలు గిటారును వాయించినారు. పాటగాడు లేని, ఒక్క మాటైనా లేని ఆ రికార్డు అదే సంవత్సరం సెప్టెంబరులో అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి చేరినది. నాటి నుండి నేటి వరకు స్టీల్ గిటారు నేర్చుకునే ప్రతివారూ ఏదో ఒకనాడు ఈ బాణీ ముందు కూర్చుంటారు. వినడానికి రెండున్నర నిమిషాలైనా పట్టదు. సాధించడానికి నెలలు పట్టవచ్చును.

దీని నడకను తెలుగు విద్యార్థి సులభంగా పోల్చుకోగలడు. ఒక్కొక్క ఆవర్తానికి నాలుగు అడుగులు, ఒక్కొక్క అడుగుకు మూడు మాత్రలు. మన ఛందస్సులో హయప్రచార రగడకు పాదానికి నాలుగు త్రిమాత్రాగణాలు ఉన్నట్లే ఇక్కడా పన్నెండు మాత్రలే. హయప్రచారమంటే గుఱ్ఱపు నడక. ఇది నిద్రలో నడక. లెక్క ఒక్కటే అయినా వేగం వేరు. ఈ నిదానంలోనే మొదటి కష్టం ఉన్నది. వేగంగా సాగే బాణీలో ఒక స్వరం కొంచెం తప్పినా, వినేవాని చెవి దానిని పట్టుకునేలోగా మరొక స్వరం వచ్చి కాపాడుతుంది. నిదానంగా సాగే బాణీలో ప్రతి స్వరం చాలాసేపు నిలబడి తన తప్పొప్పులను తానే చెప్పుకుంటుంది.

ఇక శ్రుతి సంగతి. ఆరు తీగల వాద్యంపై ఈ బాణీకి 'సి సిక్స్త్' అనే శ్రుతి అనువైనది. మన లెక్కలో ఒకటవ శ్రుతిని షడ్జంగా తీసుకుంటే, లావు తీగ నుండి సన్న తీగ వరకు వరుసగా స, గ, ప, ద, పై స, పై గ పలుకుతాయి. ఇందులో గాంధారం అంతర గాంధారం, ధైవతం చతుశ్రుతి ధైవతం. సన్న తీగను ఒకటవది అని లెక్కిస్తారు. ఒకటి, రెండు, నాలుగు తీగలను కలిపి మీటితే ప, స, గ కలిసి 'సి' అనే నిండైన స్వరగుచ్ఛం పలుకుతుంది. నాలుగవ తీగను విడిచి మూడవ తీగను మీటితే ద, స, గ కలిసి 'ఎ మైనర్' అనే విషాద గుచ్ఛం పలుకుతుంది. కడ్డీ కదలలేదు, ఒక్క వేలు తీగ మారినది, అంతలోనే సంతోషం విషాదమైనది.

బాణీ మొదటి భాగమంతా నాలుగు గుచ్ఛాల చుట్టూ తిరుగుతుంది: సి, ఎ మైనర్, ఎఫ్ మైనర్, జి. మొదటి రెండూ పన్నెండవ గీత వద్దనే ఉన్నవి. ఎఫ్ మైనర్ కోసం కడ్డీని ఎనిమిదవ గీతకు, జి కోసం ఏడవ గీతకు తేవలెను. పన్నెండు, పన్నెండు, ఎనిమిది, ఏడు: విద్యార్థి మొదట కంఠస్థం చేయవలసినది ఈ దారినే. ఎనిమిదవ గీత వద్ద రెండవ తీగపై పలికేది శుద్ధ ధైవతం. అంతకు ముందు గుచ్ఛంలో మూడవ తీగపై మనం విన్నది చతుశ్రుతి ధైవతం. ఆ ధైవతం అర్ధస్వరం మేర దిగడంలోనే ఈ బాణీ వేదన ఉన్నదని మా అభిప్రాయం. అది సరిగా దిగకపోతే మిగిలినదంతా ఎంత బాగున్నా బాణీ లేనట్లే.

సరిగా దిగడం ఎందుకు కష్టం? మామూలు గిటారుపై మెట్లు ఉంటాయి. మెట్టు వెనుక ఎక్కడ నొక్కినా స్వరం ఒక్కటే. స్టీల్ గిటారుపై ఉన్నవి గీతలు మాత్రమే. అవి దారి చూపుతాయి, భారం మోయవు. కడ్డీ గీత మీద నిలువునా ఉంటేనే స్వరం నిజం. 23 అంగుళాల తీగ గల వాద్యంపై మొదటి అర్ధస్వరం దూరం దాదాపు 1.3 అంగుళాలు, పన్నెండవ గీత దాటిన తరువాతి అర్ధస్వరం దూరం అందులో సగమే. అందువలన పన్నెండవ గీత వద్ద అంగుళంలో పదవ వంతు తప్పినా, స్వరం అర్ధస్వరంలో దాదాపు ఆరవ వంతు తప్పుతుంది. పైగా కూర్చున్నవాని కంటికి గీత కొంచెం పక్కకు కనబడుతుంది. కంటిని నమ్మినవాడు మోసపోతాడు. నమ్మదగినది చెవి ఒక్కటే.

రెండవ కష్టం కడ్డీని వాల్చడం. జి గుచ్ఛం నుండి మళ్లీ సి గుచ్ఛానికి మరలాలంటే మధ్యమం, నిషాదం కలిసి పలకడం అవసరం. మూడవ తీగపై ఎనిమిదవ గీత వద్ద మధ్యమం, ఒకటవ తీగపై ఏడవ గీత వద్ద నిషాదం ఉన్నవి. తిన్నని కడ్డీ రెండు గీతలపై ఒకేసారి ఉండలేదు గనుక, దాని కొనను ఎడమకు, మొదలును కుడికి వాల్చి, మధ్యనున్న రెండవ తీగను మీటకుండా విడిచిపెట్టవలెను. గీతల మధ్య దూరం చోటును బట్టి మారుతుంది గనుక వాలు కూడా మారుతుంది. ఒకచోట నేర్చిన వాలు మరొకచోట పనికిరాదు.

మూడవది అణచడం. కడ్డీ పన్నెండు నుండి ఎనిమిదికి వచ్చేటప్పుడు, ముందు మీటిన తీగలన్నీ మ్రోగుతూనే ఉంటే అనవసరమైన జారు వినబడుతుంది. కుడి అరచేతి అంచుతో తీగలను అణచి, కావలసిన జారును మాత్రమే ఉంచవలెను. నాల్గవది హార్మోనిక్. కడ్డీ ఉన్న చోటు నుండి పన్నెండు గీతల అవతల, అనగా మిగిలిన తీగకు సరిగా నడుమ, అరచేతిని తాకీ తాకనట్లు తాకి మీటి వెంటనే తీసివేస్తే, గాజు గంట మ్రోగినట్లు ఒక స్థాయి పైన స్వరం వినిపిస్తుంది. కడ్డీ ఐదవ గీత మీద ఉంటే చేయి పదిహేడవ గీత వద్ద తాకవలెను. కడ్డీ కదిలితే చేయి కూడా అంతే కదలవలెను.

ఇక అసలు విషయానికి వస్తున్నాము. స్టీల్ గిటారు స్వరాన్ని వణికించడం, మన గమకాలలో కంపితం వంటిది, ఈ వాద్యానికి గొప్ప అలంకారం. కడ్డీని స్వరస్థానానికి అటూ ఇటూ సమంగా కొద్దిగా దొర్లిస్తే స్వరం మనిషి గొంతులా పలుకుతుంది. నేర్చుకునేవారిలో అనేకులు మొదటి రోజు నుండే దీనిని మొదలుపెడతారు. కారణం స్పష్టం: వణుకుతున్న స్వరం తప్పిందో ఒప్పిందో తేల్చడం కష్టం. అలంకారం అక్కడ ముసుగుగా మారుతుంది. ఆ ముసుగు ఇతరులను ఎంతకాలం మభ్యపెట్టినా, ముందుగా మభ్యపెట్టేది వాయించేవాని చెవినే. తప్పు వినబడని చెవి తప్పును దిద్దుకోలేదు.

కంపితం లేని స్వరం ఎండిపోయినట్లు ఉంటుందనీ, శైలిని మొదటి నుండే అలవరచుకోవాలనీ కొందరు అంటారు. ఈ వాదనలో కొంత న్యాయం లేకపోలేదు. పూర్తి అయిన బాణీకి కంపితం కావలసినదే. మేము అనేది క్రమాన్ని గురించి. శ్రుతిపెట్టెను ఒకటవ శ్రుతిలో పెట్టుకొని, ఒక్క తీగపై ఒక్కొక్క స్వరాన్ని వణుకు లేకుండా నిలబెట్టడం మొదటి మెట్టు. స్వరాన్ని ముందు గొంతుతో పలికి, తరువాత కడ్డీతో పట్టుకోవడం మరీ మంచిది. తరువాత పన్నెండు, పన్నెండు, ఎనిమిది, ఏడు దారిని పన్నెండు మాత్రలు లెక్కపెడుతూ నడవవలె. ఆ పిమ్మట అణచడం, వాల్చడం, హార్మోనిక్. అన్నీ కుదిరిన తరువాతనే కంపితం. ఈ విధంగా రోజుకు అరగంట చేసినవాడు, ఆదివారం ఒక్కనాడే నాలుగు గంటలు కూర్చున్నవానికంటె ముందు ఉంటాడని మా నమ్మకం.

ఇదంతా మన కళాశాల విద్యార్థులకు ఎందుకు చెబుతున్నామంటే, ఇక్కడ రెండు భాషలు పక్కపక్కన నడుస్తున్నవి. ఉర్దూ మాతృభాషగా గల విద్యార్థికి తెలుగు ళకార ణకారాలు కొత్త; తెలుగు విద్యార్థికి ఉర్దూలోని ఖాఫ్, ఘైన్ ధ్వనులు కొత్త. వేదికపై నిలబడినప్పుడు పట్టుబడని ధ్వనిని వేగంతోనో, పెద్ద మాటలతోనో కప్పిపుచ్చడం సులభం. చప్పట్లు కూడా రావచ్చు. కాని ఆ ధ్వని మాత్రం ఎన్నటికీ మన సొంతం కాదు. నెమ్మదిగా, అలంకారం లేకుండా, నలుగురూ వినేటట్లు పలికి, దిద్దించుకోవడానికి కొంత ధైర్యం కావలె. బ్రూక్లిన్ కుర్రవాళ్లు సముద్రాల అవతలి దీవుల వాద్యాన్ని తమ సొంతం చేసుకున్నది కూడా విని, నిలిపి, దిద్దుకునే కదా!

కళాశాల కమిటీ పెద్దలు సాయంకాలం వేళ ఒక గదిని, ఒక శ్రుతిపెట్టెను సంగీతాభిలాష గల విద్యార్థులకు కేటాయించగలిగితే అది వృథా వ్యయం కాదని సవినయంగా మనవి చేస్తున్నాము. ఆ గదిలో మొదటి నెల వినిపించేది ఒంటి తీగపై ఒంటి స్వరమే కావచ్చును. దానిని ఓపికతో విన్నవారికే తరువాతి నెలలలో ధైవతం తన చోటికి దిగడం వినిపిస్తుంది.