సెలైను సీసాలో విటమినులు

వైశాఖ జ్యేష్ఠ మాసములలో ఎండ 47 డిగ్రీలకు చేరుట చంద్రపూరు వాసులకు క్రొత్త సంగతి కాదు. చుట్టును బొగ్గు గనులు, నగరమును ఆనుకొని థర్మల్ విద్యుత్కేంద్రము, దాని బూడిద, లారీలు రేపు దుమ్ము, వీని నడుమ దినమంతయు మెలగినవానికి సాయంకాలమునకు ముఖము కమిలిపోవుటయు, ఒడలు సొమ్మసిల్లుటయు సహజమే. గనులలోను బల్లార్‌పూరు కాగితపు మిల్లులోను పనికి వచ్చి, ఈ ప్రాంతమునే స్వస్థలముగా జేసికొని, నేటికిని దీనిని చాందా అనియే పిలుచుకొను మన తెలుగువారి యిండ్లలో అట్టి నీరసమునకు తరచుగా వినవచ్చు మందు ఒక్కటే: "డాక్టరుగారూ, ఒక సీసా ఎక్కించండి, బలమొస్తుంది." ఆ సీసాలో బి-కాంప్లెక్సు సూదిమందు కలిపినంతనే నీరు పసుపుపచ్చగా మారును, దానిని చూచి రోగికి ప్రాణము లేచివచ్చును. నేడు పెద్ద నగరముల సౌందర్య చికిత్సాలయములు విటమిన్ డ్రిప్ అను పేరిట ఇచ్చుచున్నది, మూలమును పరికించినచో, ఆ పాత సీసాయే. దానికి సి-విటమిను చేరినది, గ్లూటాథయోను చేరినది, చర్మకాంతి యను ఆశ చేరినది, వెల వేల రూపాయలకు పెరిగినది.

ఈ పద్ధతికి ఆద్యుడుగా చెప్పబడు జాన్ మైయర్స్ అమెరికాలోని బాల్టిమోరు నగరమున వైద్యుడు. మెగ్నీషియము, కాల్షియము, బి-వర్గపు విటమినులు, సి-విటమిను కలిపి నరమునకు ఎక్కించుచు వచ్చిన ఆయన 1984లో మరణించెను. ఆయన రోగులలో కొందరిని చేపట్టిన అలన్ గేబీ యను వైద్యుడు 2002లో తన అనుభవములను ప్రకటించిన పిమ్మట, "మైయర్స్ కాక్‌టెయిల్" అను పేరు లోకమున వ్యాపించినది. అది ఒక వైద్యుని అనుభవ కథనమే గాని, మందు ఇచ్చినవారిని ఇయ్యనివారితో పోల్చి తేల్చిన పరీక్ష కాదు. ఆరోగ్యవంతునకు దీనివలన బలము గాని కాంతి గాని చేకూరునని గట్టిగా నిరూపించిన పెద్ద పరీక్ష నేటికిని లేదు. కాన్సరు మొదలగు రోగములను సైతము తమ డ్రిప్పులు కుదుర్చునని ప్రకటించిన ఒక టెక్సస్ సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషను 2018లో చర్య తీసికొనెను.

నోట మ్రింగిన విటమిను వ్యర్థమగుననియు, నరమునకు ఎక్కించినది నూటికి నూరుపాళ్లు ఒంటబట్టుననియు ఈ చికిత్సను సమర్థించువారు చెప్పుదురు. ఇందు కొంత సత్యము లేకపోలేదు. సి-విటమినును 200 మిల్లీగ్రాముల వరకు మన ప్రేగులు దాదాపు పూర్తిగా గ్రహించును. అదే ఒక్కమారుగా 1000 మిల్లీగ్రాములు దాటినచో, సగమునకు మించి గ్రహింపజాలవు. నరము ద్వారా నెక్కించినప్పుడీ అవరోధము లేదు. కాని అవరోధము దాటి రక్తమున చేరినది అచ్చట నిలుచునా? దినమునకు 200 మొదలు 400 మిల్లీగ్రాముల వరకు ఆహారములో పొందువాని రక్తము అప్పటికే పూర్ణమై యుండును. చెరువు నిండిన పిమ్మట వచ్చిన నీరెల్ల అలుగు మీదుగా పోవునట్లు, ఆపై ఎక్కించినదానిని మూత్రపిండములు కొన్ని గంటలలోనే వెలుపలికి పంపివేయును. ఆ 200 మిల్లీగ్రాములును 100 గ్రాముల జామపండులో లభించుచున్నవి.

మరి సీసా ఎక్కించుకొన్నవారికి హాయిగా నుండుట అబద్ధమా? కాదు. ఎండలో చెమటగా పోయిన నీరును ఉప్పును తిరిగి చేరినవి. గంటసేపు కదలక పడుకొనుటచే దేహమునకు విశ్రాంతి లభించినది. అర లీటరు సెలైనులో ఉన్నది నాలుగున్నర గ్రాముల ఉప్పు. అర లీటరు గ్లూకోజు సీసాలో సాధారణముగా నుండునది 25 గ్రాముల చక్కెర, అనగా ఐదు చెంచాలు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున బనగాఁవ్ శరణార్థి శిబిరములో కలరా ప్రబలి సెలైను నిలువలు చాలనప్పుడు, దిలీప్ మహలనాబిస్ అను వైద్యుడు ఉప్పు, సోడా ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని నోట త్రాగించి అసంఖ్యాకులను బ్రదికించెను. కలరా రోగినే నిలబెట్టిన ఆ పానీయము, మ్రింగగలిగిన మనిషికి వేసవి నీరసమున చాలదా?

చర్మము సంగతి ఇంకను జాగ్రత్తగా విచారింపదగినది. చర్మమునకు పటుత్వమిచ్చు కొలాజెను తయారగుటకు సి-విటమిను అవసరమే. అది లోపించినచో చిగుళ్లు చెడి, గాయములు మానవు. అయినను, లోపము లేనివానికి అదనముగా నిచ్చినంత మాత్రమున అదనపు కొలాజెను పుట్టుననుటకు ఆధారము లేదు. గ్లూటాథయోను మన దేహకణములే, ముఖ్యముగా కాలేయము, నిత్యము తయారు చేసికొను పదార్థము. చర్మపు వన్నెను తగ్గించుటకై దానిని నరమునకు ఎక్కించు ఆచారము విపరీతముగా వ్యాపించిన ఫిలిప్పీన్సులో, అచ్చటి ఔషధ నియంత్రణ సంస్థ 2011లోనే హెచ్చరిక వెలువరించి, చర్మము బొబ్బలెక్కి ఊడిపోవు తీవ్రవ్యాధులను, మూత్రపిండముల వైఫల్యమును, థైరాయిడు వికారములను ప్రస్తావించినది. మన చర్మములోని శ్యామవర్ణము వ్యాధి కాదు. చాందా ఎండవంటి ఎండనుండి ప్రకృతి మనకు నిర్మించిన కవచము. ఆ కవచమును పలుచన చేసికొనుటకై ధనమును, దేహమును అర్పింపుమని కన్యకలకు బోధించు ప్రతి ప్రకటనయు నాకు మనస్తాపము గలిగించుచున్నది. మంగు మచ్చలు బాధించుచున్నచో చర్మవైద్యుని చూడవలెను. గొడుగు, తలపై రుమాలు, సన్‌స్క్రీను లేపనము, ఇవి ఏ డ్రిప్పు కంటెను ఎక్కువ మేలు చేయును.

విదర్భ వాసులు ప్రత్యేకముగా గుర్తుంచుకొనదగిన భయమొకటి కలదు. చంద్రపూరు, గడ్చిరోలి జిల్లాలలో సికిల్ సెల్ వ్యాధి విస్తారముగా నున్నది. ఆ రోగుల మూత్రపిండములు వారికి తెలియకయే దెబ్బతిని యుండవచ్చును. జి-6-పి-డి అను ఎంజైము లోపించినవారును మన దేశములో గలరు. పైకి సంపూర్ణారోగ్యముతో కనబడుచు, తమకా లోపము గలదనియే ఎరుగనివారు వారిలో పెక్కుమంది. అట్టివారికి సి-విటమినును అధిక మోతాదులో నరమునకు ఎక్కించినచో ఎర్రరక్తకణములు పగిలిపోయి ప్రాణమునకే ముప్పు రాగలదు. మూత్రపిండములు బలహీనమైనవారిలో ఆ విటమినే ఆక్సలేటుగా మారి వానిని మరింత చెరచును. సూది గ్రుచ్చినచోట చీము పట్టుట, నరము వాచుట మొదలగునవి వేరుగా చెప్పనేల?

నరము ద్వారా విటమినులు ఈయవలసిన ఘట్టములు లేవని నా భావము కాదు. మద్యపానముచే బి-1 లోపించి మతి తప్పినవానికి, శస్త్రచికిత్సలో ప్రేగులు చాలవరకు కోల్పోయినవానికి, నోట ఏదియు నిలువని రోగికి ఆ దారియే ప్రాణాధారము. అది అశక్తునకు వైద్యుడు తెరచు దారి.

మ్రింగగలిగినవానికి నోట ఇచ్చు విటమినే చాలునను విషయమున మనకొక గర్వకారణము గలదు. 1928లో బొంబాయికి వచ్చిన లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు, బట్టల మిల్లులలో పనిచేయు పేద గర్భిణులకు వచ్చు తీవ్రమైన రక్తహీనతను పరిశోధించి, ఈస్టు సారమును నోట తినిపించుటచే అది కుదురునని 1931లో ప్రకటించెను. ఆ సారములోని గుణకారి ఫోలిక్ ఆమ్లమని పిమ్మట తేలినది. 1895లో భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున, అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాల బృందము 1945లో దానిని కృత్రిమముగా నిర్మించెను. నేడది ఇనుముతో కూడి గర్భిణులకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఉచితముగా లభించు చిన్న మాత్ర; సికిల్ సెల్ రోగులకును వైద్యులు ఫోలిక్ ఆమ్లము మాత్రనే వ్రాయుదురు.

కావున చంద్రపూరు, రాజురా, బల్లార్‌పూరు ప్రాంతముల తెలుగు సోదరీసోదరులకు నా విన్నపమిది. నీరసము వదలకున్నచో సీసాను అడుగుటకు ముందు రక్తపరీక్షను అడుగుడు. హిమోగ్లోబిను, బి-12, చక్కెర, థైరాయిడు చూపించుకొనుడు, సికిల్ సెల్ పరీక్ష ఇంతవరకు జరుగనిచో తప్పక చేయించుకొనుడు. లోపమున్నదని తేలినచో, మాత్రయో సూదియో వైద్యుడే నిర్ణయించును.