విశ్వామిత్ర సృష్టి – మన్యపు నెత్తురు

కొబ్బరికాయ విశ్వామిత్రుని సృష్టియని తెలుగునాట పెద్దలు చెప్పుకొనే కథ. బ్రహ్మతో పంతము పట్టిన ఆ రాజర్షి మనుష్యుని తలను చేయబోగా దేవతలు అడ్డుపడినారట. పీచు జుట్టుగాను, మూడు గుంటలు కన్నులుగాను అది చెట్టుననే నిలిచిపోయినదట. ఆవుకు పోటీగా గేదెను పుట్టించినదియు ఆయనయే నందురు. వాల్మీకి రామాయణములో ఈ కొబ్బరికాయ లేదు, గేదెయు లేదు. అక్కడ ఉన్నది త్రిశంకువు కొరకు నిర్మించిన నక్షత్రమండలము మాత్రమే. అయినను శ్రీకాకుళపు ఉద్దానములో కొబ్బరితోటల నీడన కూర్చున్నవానికి ఈ కథను కొట్టివేయుటకు మనసొప్పదు. ప్రతిసృష్టి యనగానే మనకు భక్తియు భయమును ఒక్కసారే కలుగుచుండుటకు ఇట్టి కథలే కారణము కావచ్చును.

జన్యు ఇంజనీరింగు అను విద్య వెండితెర కెక్కినప్పుడు ఈ భక్తినీ భయాన్నీ రెండింటిని సొమ్ము చేసుకొన్నది. 1993లో స్టీవెన్ స్పీల్‌బర్గ్ తీసిన ‘జురాసిక్ పార్క్’లో, గుగ్గిలములో చిక్కుకొన్న దోమ కడుపులోని నెత్తుటి నుండి రాక్షసిబల్లులు లేచి వచ్చినవి; చాలని జన్యుభాగమును కప్ప నుండి తెచ్చి అతికించినారు. 2011లో మురుగదాస్ దర్శకత్వమున వచ్చి తెలుగులోనికి అనువాదమైన ‘సెవెన్త్ సెన్స్’లో, జన్యుశాస్త్రము చదివే ఒక యువతి బోధిధర్ముని విద్యలను అతని వంశీకుని శరీరములో మేల్కొలుపును. 2013 నాటి హిందీ చిత్రము ‘క్రిష్ 3’లోని ప్రతినాయకుడు మనుష్యుల జన్యువులకు జంతువుల జన్యువులను కలిపి సేవకులను చేసికొనును. ఈ శాస్త్రజ్ఞు లందరును 1951 నాటి ‘పాతాళభైరవి’లో ఎస్.వి. రంగారావు ధరించిన నేపాళ మాంత్రికుని వారసులే. గడ్డము పోయి తెల్లకోటు వచ్చినది. ఏకాంతముగా, ఒక్కరాత్రిలో, ఎవ్వరినీ అడుగకుండ పని ముగించుట మాత్రము మారలేదు.

వెండితెరను తప్పుపట్టి లాభము లేదు. వినోదము దాని వృత్తి. అయితే 2019 జనవరిలో పంజాబులో జరిగిన సైన్సు కాంగ్రెసు సభలో ఆంధ్ర విశ్వవిద్యాలయపు నాటి ఉపకులపతి, నూర్గురు కౌరవులు మూలకణముల విద్య చేతను, పరీక్షనాళికల చేతను పుట్టినారని వాదించినారు. గాంధారి గర్భమున పడిన మాంసపిండమును వ్యాసుడు విభజించి నేతికుండలలో పెట్టించుట ఆదిపర్వములోని అద్భుత కల్పన. దానిని ప్రయోగశాల నివేదికగా చదివినచో కవిత్వమును పోవును, శాస్త్రమును దక్కదు. ఉత్తరాంధ్రలో తరతరముల విద్యార్థులకు ఉన్నత విద్య నిచ్చిన సంస్థ నుండి ఈ మాట రావడము చింతింపదగినదే.

అసలు విద్య ఇంతకంటె చిన్నది, ఇంతకంటె విచిత్రమైనది. అచ్చుప్రతులు దిద్దినవారికి ఒక్క అక్షరము చేయగల అపకారము తెలియును. మన నెత్తుటిలో ప్రాణవాయువును మోసే హీమోగ్లోబిన్ అను పదార్థమునకు ఆదేశ మిచ్చే జన్యువులో అట్టి అచ్చుతప్పు ఒకటి ఉన్నది. ‘ఏ’ అను రసాయనాక్షర ముండవలసిన చోట ‘టీ’ చేరును. దానివలన హీమోగ్లోబిన్ గొలుసులో ఆరవ స్థానమున గ్లూటామిక్ ఆమ్లమునకు బదులు వాలీన్ వచ్చి కూర్చుండును. అంతే. గుండ్రముగా, మెత్తగా ఉండవలసిన ఎర్రకణము కొడవలివలె వంగి బిరుసెక్కును; సన్నని నాళములలో ఇరుక్కొనును; కీళ్లలో, ఎముకలలో, రొమ్ములో భరింపరాని పోటు పుట్టును. బిడ్డ పాలిపోవును. దీనినే సికిల్ సెల్ వ్యాధి యందురు. హీమోగ్లోబిన్‌లోని దోషమే దీనికి మూలమని 1949లో లైనస్ పౌలింగ్ బృందము చూపినది. ఆ దోష మెక్కడ ఉన్నదో 1950లలో వెర్నన్ ఇన్‌గ్రామ్ తేల్చినాడు.

ఈ వ్యాధి సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండలలోని గిరిజన కుటుంబములలోను ఉన్నది. ఒకప్పుడు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు చెందిన ఈ ఏజెన్సీ 2022 ఏప్రిల్ నుండి పార్వతీపురం మన్యం జిల్లాగా ఏర్పడినది. మన్యపు జ్వరమనగా మైదానపువారు ఎంతగా హడలెడివారో పాఠకులకు తెలిసినదే. తల్లిదండ్రులలో ఒక్కరి నుండి మాత్రమే ఈ తప్పు అక్షరము సంక్రమించినవానిని ప్రాణాంతకమైన మలేరియా అంత సులభముగా చంపజాలదని 1954లో ఆంథొనీ ఆలిసన్ నిరూపించినాడు. అనగా కొండవాని నెత్తుటిలోని ఈ దోషము ఒకప్పుడు వాని కవచము. ఇద్దరి నుండియు వచ్చినప్పుడే అది శాపమగును. ఇద్దరు వాహకులు దంపతులైనచో ప్రతి కాన్పులోను బిడ్డకు వ్యాధి వచ్చుటకు నాలుగింట ఒక పాలు అవకాశ ముండును.

ఈ అచ్చుతప్పుకు మందు కనిపెట్టినారా? కనిపెట్టినారు. జన్యువును కోరినచోట కత్తిరించే క్రిస్పర్ అను పనిముట్టును 2012లో లోకమునకు చూపిన జెన్నిఫర్ డౌడ్నా, ఇమాన్యుయెల్ షార్పెంటియే లకు 2020లో నోబెల్ బహుమతి వచ్చినది. ఆ పనిముట్టుతో తయారైన క్యాస్‌జెవీ చికిత్సకు 2023 నవంబరులో బ్రిటను, డిసెంబరులో అమెరికా అనుమతి నిచ్చినవి. అది తప్పుపడిన పుటను దిద్దదు. బిడ్డ పుట్టిన పిమ్మట శరీరము మూసివేసే గర్భస్థ హీమోగ్లోబిన్ పుటను తిరిగి తెరపించును. రోగి మూలకణములను వెలికి తీసి, దిద్ది, ఎముకల మూలుగను తీవ్రమైన మందులతో ఖాళీచేసి, వాటిని మరల ఎక్కింతురు. నెలల తరబడి సాగే పని. సినిమాలో ఇది చూపినచో ప్రేక్షకులు లేచిపోదురు!

దాని వెల అమెరికాలో 22 లక్షల డాలర్లు. నాటి మారకము ప్రకారము సుమారు 18 కోట్ల రూపాయలు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఈ రోగులకు 2020 నుండి నెలకు 10,000 రూపాయల పింఛను ఏర్పరచినది. మెచ్చదగిన పనియే. కాని ఆ పింఛను పైసా తినకుండ కూడబెట్టినను ఆ చికిత్సకు 1,500 సంవత్సరములు పట్టును. త్రిశంకుని స్వర్గమును విశ్వామిత్రుడు కట్టినాడు. ఈ స్వర్గమును వైద్యశాస్త్రము కట్టినది. అందులోనికి పోవు తోవ మాత్రము కొండమీదివానికి లేదు. రోగిని డోలీలో మోసి రోడ్డుకు దింపవలసిన పల్లెలు ఈ కొండలలో ఉన్నవి. నొప్పి దాడులను తగ్గించే హైడ్రాక్సీయూరియా అను చవుకైన మందు ఎన్నడో వచ్చినది. అది తప్పక అందుట, రక్తపరీక్ష జరుగుట, ఇవి క్రిస్పర్ కంటె ముందు రావలసినవి.

కేంద్ర ప్రభుత్వము 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో సికిల్ సెల్ నిర్మూలన ఉద్యమమును ప్రారంభించినది. నలువది ఏండ్లలోపు వారిని 7 కోట్ల మందిని పరీక్షించుట, 2047 నాటికి వ్యాధిని లేకుండ చేయుట లక్ష్యములు. పరీక్షించినవారికి కార్డు లిత్తురు. పెండ్లికి ముందు జాతకములవలె వాటిని సరిచూచుకొన వలెనని బోధింతురు. బోధ మంచిదే. మేనరికములు మరిగిన మైదానపు తెలుగువారికి సైతము రక్తసంబంధ వివాహములలో దాగిన దోషములు జతకూడు ప్రమాదము చెప్పదగినదే. కాని కార్డు చూచి ముందుగా కాదనబడునది ఎవరు? ఆడపిల్లయే యని ఊహించుటకు జ్యోతిషము అక్కరలేదు. గ్రీసులోని ఓర్కొమెనోస్ అను ఊరిలో ఇట్టి పరీక్షలు జరిపినపుడు, వ్యాధిలేని వాహకులకు సైతము మచ్చ అంటి, కొందరు తమ ఫలితమును దాచి పెండ్లాడినారని 1970లలో తేలినది. వాహకుడు రోగి కాడు. ఈ ఒక్క వాక్యము తలకెక్కనిదే కార్డు పంచుట ప్రమాదము.

పైరుల విషయమున మన విధానము చురుకుగానే నడచినది. పరాయి జన్యువు చేర్చని జన్యు సవరణ పంటలకు 2022 మార్చిలో కొన్ని కఠిన నియమములు సడలించినారు. 2025 మేలో రెండు సవరించిన వరివంగడములను ప్రకటించినారు. వాటి మాతృకలు రెండును ఆంధ్రదేశపువే: బాపట్ల సాంబ మసూరి, మారుటేరు 1010. వీటి దిగుబడులపై వాదములు నడచుచున్నవి. అది రైతులు తేల్చుకొందురు.

రోగి సంగతి వేరు. 2025 నవంబరులో ఢిల్లీలోని జన్యుశాస్త్ర సంస్థవారు స్వదేశీ క్రిస్పర్ చికిత్స యొకటి సిద్ధపరచి, గిరిజన వీరుడైన బిర్సా ముండా పేరిట ‘బిర్సా 101’ అని నామకరణము చేసినారు. వెల తగ్గించుటయే ఉద్దేశము. అది రోగులపై పరీక్షలలో నెగ్గవలసియున్నది. నెగ్గి ఒకనాడు సీతంపేటకు వచ్చినచో, మూలుగను ఖాళీచేయు మందువలన కలుగగల వంధ్యత్వము మొదలైన నష్టములు తెలిపి రోగిచేత అంగీకారపత్రముపై వ్రాలు చేయింపవలెను. ఆ పత్ర మే భాషలో ఉండును? గిడుగు రామమూర్తి పంతులు మైళ్లకొలది నడచి సవర భాష నేర్చి, ఆ భాషకు వ్యాకరణమును నిఘంటువును కూర్చి, సవర పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పించినది ఈ కొండల పాదముననే. జన్యువు అను మాటను మనము సంస్కృతపు ధాతువుతో ఒప్పించుకొన్నాము. సవర తల్లికి దాని నేమని చెప్పవలెనో సీతంపేట, పార్వతీపురం గిరిజనాభివృద్ధి సంస్థలవారు, అక్కడి సవర ఉపాధ్యాయులను కూర్చుండబెట్టుకొని ఇప్పటినుండియే విచారించవచ్చును.