అటక మీద పాత పెళ్లి క్యాసెట్ ఉందా?.. బొమ్మ చెరిగిపోకముందే కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండిలా..!

పెళ్లి, గృహప్రవేశం, బారసాల, షష్టిపూర్తి.. ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా ఒకప్పుడు భుజం మీద పెద్ద కెమెరాతో వీడియోగ్రాఫర్, పక్కనే లైట్ పట్టుకున్న కుర్రాడు ఉండాల్సిందే. 1982లో ఢిల్లీ ఏషియన్ గేమ్స్ సమయంలో దేశంలోకి కలర్ టీవీ వచ్చింది. ఆ తర్వాత వేడుకలకు వీడియో తీయించడం మెల్లగా అలవాటైంది. ఆ క్యాసెట్లే ఇప్పుడు చాలా ఇళ్లల్లో బీరువా అడుగున, అటక మీద పడి ఉన్నాయి. తాతయ్య ఫొటో గోడ మీద ఉంటుంది. ఆయన నడక, గొంతు మాత్రం ఆ టేపులోనే ఉన్నాయి.

మరి ఆ టేపు ఎన్నాళ్లు ఉంటుంది? వీహెచ్‌ఎస్ క్యాసెట్‌లో ఉండేది అర అంగుళం వెడల్పున్న ప్లాస్టిక్ రిబ్బన్. దాని మీద అయస్కాంత గుణమున్న పొడిని ఒక రకం జిగురుతో అంటిస్తారు. బొమ్మ, మాట అన్నీ ఆ పొడిలోనే ఉంటాయి. తేమ తగిలితే జిగురు మెత్తబడుతుంది, పొడి రాలుతుంది, బూజు పడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఈ బెడద ఇంకా ఎక్కువ.

పోనీ టేపు బాగానే ఉందనుకుందాం. వేయడానికి ప్లేయర్ ఏది? చివరి వరకూ వీసీఆర్‌లు తయారు చేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జులైలో ఉత్పత్తి ఆపేసింది. ఆస్ట్రేలియాలోని నేషనల్ ఫిల్మ్ అండ్ సౌండ్ ఆర్కైవ్ అయితే టేపులను డిజిటల్‌లోకి మార్చుకోవడానికి 2025ను గడువుగా చెప్పింది. ఆ ఏడాది దాటగానే టేపులన్నీ ఒక్కసారిగా పాడైపోతాయని కాదు. ప్లేయర్లు, స్పేర్ పార్ట్‌లు, వాటిని బాగుచేసే చేతులు దొరకవని దాని అర్థం.

క్యాసెట్ పెట్టేముందు ఇది చూడండి..

క్యాసెట్ ముందు మూత కాస్త ఎత్తి టేపును వెలుతురులో చూడండి. తెల్లటి మచ్చలు, బూజు కనిపిస్తే దాన్ని ప్లేయర్‌లో అస్సలు పెట్టొద్దు. టేపు తెగొచ్చు, పైగా ఆ బూజు ప్లేయర్ హెడ్‌కు అంటుకుని తర్వాత పెట్టే క్యాసెట్లకూ పాకుతుంది. అలాంటివాటిని శుభ్రం చేయడం తెలిసినవాళ్లకే ఇవ్వాలి. టేపు బాగుంటే క్యాసెట్ వీపు వైపు ఎడమ మూలలో ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కను విరిచేయండి. అది లేకపోతే పొరపాటున రికార్డ్ బటన్ నొక్కినా పాత వీడియో చెరిగిపోదు. తర్వాత ఒకసారి చివరిదాకా ఫార్వర్డ్ చేసి, మళ్లీ రివైండ్ చేయండి. ఏళ్ల తరబడి చుట్టుకుపోయిన టేపు కాస్త వదులవుతుంది. కీచుమని శబ్దం వస్తే మాత్రం వెంటనే ఆపేయండి.

ప్లేయర్ లేనివాళ్లు ముందు చుట్టాలిళ్లల్లో అడగడం మంచిది. హైదరాబాద్‌లో అయితే ఎర్రగడ్డ ఆదివారం సంత లాంటి చోట్ల వెతకొచ్చు. పాత వీసీపీ అయినా సరిపోతుంది, మనకు కావాల్సింది ప్లే అవడమే. లోపలి రబ్బరు బెల్టులు సాగిపోయి ఉంటాయి కాబట్టి ముందు మెకానిక్‌కు చూపించి, హెడ్ శుభ్రం చేయించి, పనికిరాని ఏదైనా సినిమా క్యాసెట్ పెట్టి పరీక్షించండి. తొలి ప్రయోగం పెళ్లి క్యాసెట్ మీద వద్దు.

కంప్యూటర్‌కు కలిపేది ఇలా..

ప్లేయర్ వెనకాల పసుపు రంగు పిన్ను బొమ్మకు, తెలుపు, ఎరుపు పిన్నులు సౌండ్‌కు. ఈ మూడింటినీ యూఎస్‌బీ క్యాప్చర్ కార్డుకు తగిలించి, దాన్ని కంప్యూటర్‌కు పెట్టాలి. ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న డబ్బాలు కూడా మార్కెట్లో ఉన్నాయి. కానీ అవి చాలావరకు బొమ్మను అడ్డంగా సాగదీస్తాయి. వాటి జోలికి పోకపోవడమే మేలు.

రికార్డింగ్‌కు ఉచితంగా దొరికే ఓబీఎస్ స్టూడియో చాలు. అందులో కొన్ని సెట్టింగ్‌లు మాత్రం తప్పకూడదు. మన దేశపు క్యాసెట్లు పాల్ పద్ధతిలో ఉంటాయి. సెకనుకు 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో రెండు సగాలు, అంటే సెకనుకు 50 సగం బొమ్మలన్నమాట. క్యాప్చర్ సైజు 720×576 పెట్టి, కాన్వాస్‌ను 768×576కు మార్చి, బొమ్మ దాని నిండా వచ్చేలా సర్దితే ముఖాలు సాగకుండా అసలు ఆకారంలో వస్తాయి. డీఇంటర్‌లేసింగ్‌లో యాడిఫ్ 2ఎక్స్ ఎంచుకుని ఫ్రేమ్ రేటు 50 పెట్టండి. ఇది చేయకపోతే మనిషి కదిలినప్పుడల్లా అంచుల వెంట దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తాయి. అమెరికాలో ఉన్న మనవాళ్లు అక్కడ తీసి పంపిన క్యాసెట్లు ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో ఉంటాయి. వాటికి ప్లేయర్ కూడా ఆ పద్ధతిని చదివేదై ఉండాలి, క్యాప్చర్ సైజు 720×480 అవుతుంది.

చాలా వీసీపీలకు సౌండ్ పిన్ను ఒక్కటే ఉంటుంది. దాన్ని తెలుపుకు తగిలించి, ఓబీఎస్ ఆడియో సెట్టింగ్‌లలో మోనో టిక్ చేస్తే రెండు స్పీకర్లలోనూ వినిపిస్తుంది. ఇక ఫైల్‌ను ఎంకేవీగా రికార్డ్ చేయండి. మధ్యలో కరెంటు పోతే ఎంపీ4 ఫైల్ మొత్తం తెరుచుకోకపోవచ్చు. ఎంకేవీ అయితే అప్పటిదాకా రికార్డ్ అయింది దక్కుతుంది. పూర్తయ్యాక ఓబీఎస్‌లోనే ఎంపీ4గా మార్చుకోవచ్చు, క్వాలిటీ తగ్గదు. బిట్‌రేట్ 8 ఎంబీపీఎస్ పెడితే మూడు గంటల క్యాసెట్‌కు దాదాపు 11 జీబీ అవుతుంది.

బొమ్మ గెంతుతుంటే ముందు ప్లేయర్‌లోని ట్రాకింగ్ సరిచేయండి. అయినా సౌండ్ వెనకబడుతుంటే పాత డీవీడీ రికార్డర్‌ను మధ్యలో పెట్టి, దాని గుండా క్యాప్చర్ కార్డుకు పంపి చూడండి. అదురుతున్న సిగ్నల్ చాలావరకు కుదుటపడుతుంది.

మూడు గంటలు.. పక్కన పెద్దవాళ్లను కూర్చోబెట్టుకోండి

ఇందులో షార్ట్‌కట్ లేదు. మూడు గంటల క్యాసెట్‌కు మూడు గంటలు ప్లే అవ్వాల్సిందే. ఆ సమయాన్ని వృథా చేయొద్దు. అమ్మనో, పెదనాన్ననో, మేనత్తనో పక్కన కూర్చోబెట్టి ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేయండి. "ఆ ఎర్ర చీర మీ నాన్న మేనత్త.. ఆ వడ్డించేది మన పాలేరు కొడుకు.." అని వాళ్లే చెప్పుకుంటూ పోతారు. ఏ నిమిషంలో ఎవరు కనిపించారో ఒక నోట్‌లో రాసుకుని వీడియో పక్కనే సేవ్ చేయండి. టేపును పది లేదా ఇరవై ఏళ్ల తర్వాత ఎలాగోలా బాగుచేయించినా, ఆ ముఖాలకు పేర్లు చెప్పేవాళ్లు అప్పటికి ఉండకపోవచ్చు.

ఎడిటింగ్‌లో చాలామంది తొందరపడేదీ ఇక్కడే. భోజనాల బంతి, కుర్చీల్లో కూర్చున్న చుట్టాలు, వరసగా వచ్చే కట్నాల చదివింపులు.. బోర్ అని కత్తిరించేస్తారు. తాళి కట్టడం, తలంబ్రాలు అన్ని పెళ్లిళ్లలోనూ ఒకేలా ఉంటాయి. పోయినవాళ్లు కనిపించేది మాత్రం ఆ బంతిలోనే. కాబట్టి మొత్తం వీడియోను ముట్టుకోకుండా ఒక ఫైల్‌గా ఉంచండి. పిల్లలకు చూపించడానికి పది నిమిషాల కాపీ వేరుగా చేసుకోండి. దానికి షాట్‌కట్, డావిన్సీ రిజాల్వ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు చాలు.

ఆ రోజుల్లో స్టూడియోవాళ్లు అసలు సౌండ్ తీసేసి సినిమా పాటలు వేసేవారు. అలాంటి చోట మాటలు తిరిగి రావు. పాట లేని ముక్కలు ఎక్కడున్నాయో వెతికి పట్టుకోండి, మేళం మధ్యలో వినిపించే పిలుపులే బంగారం. ఇలా పాటలున్న వీడియోను యూట్యూబ్‌లో పెడితే కాపీరైట్ క్లెయిమ్ పడొచ్చు. హార్ట్ గుర్తులో వధూవరులు, తామరపువ్వులోంచి విచ్చుకునే ముఖాలు ఇప్పుడు నవ్వు తెప్పించినా తీసేయకండి మరి, అది కూడా ఆ కాలమే. ఇక ఏఐతో హెచ్‌డీ చేస్తామనే టూల్స్ విషయం.. టేపులో లేని కళ్లు, ముక్కును అవి ఊహించి గీస్తాయి. చూడటానికి శుభ్రంగానే ఉంటుంది, కానీ అది మీ తాతయ్య ముఖం కాకపోవచ్చు. సరదాకు ఒక కాపీ మీద చేసుకోండి, అసలు ఫైల్ మీద వద్దు.

"మా దగ్గర సీడీ ఉందిగా, క్యాసెట్ ఎందుకు" అనుకునేవాళ్లకు ఒక మాట. మన వీసీడీల్లో బొమ్మ సైజు 352×288 మాత్రమే, టేపు నుంచి నేరుగా తీసే ఫైల్‌లో నాలుగో వంతు. క్యాసెట్ ఇంకా ఆడుతుంటే దాని నుంచే మళ్లీ తీయండి. సీడీ మాత్రమే మిగిలితే అందులోని డాట్ ఫైళ్లను కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి, వీఎల్‌సీలో ఆడతాయి.

ఇదంతా మనవల్ల కాదనుకుంటే స్టూడియోకు ఇవ్వొచ్చు. అయితే డీవీడీ కాకుండా పెన్‌డ్రైవ్‌లో ఫైల్ కావాలని, ఎక్కడా కత్తిరించొద్దని, క్యాసెట్ తిరిగి ఇవ్వాలని ముందే చెప్పండి. కొరియర్‌లో పంపకుండా చేతికిచ్చి రావడం మంచిది.

పూర్తయిన ఫైల్‌ను ఒకే హార్డ్‌డిస్క్‌లో ఉంచొద్దు. మీ ఇంట్లో ఒకటి, వేరే ఊళ్లో ఉన్న తోబుట్టువు దగ్గర ఒకటి, వీలైతే క్లౌడ్‌లో ఇంకొకటి. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అది ఒక్క క్యాసెట్‌కే దాదాపు నిండిపోతుంది. వాట్సాప్‌లో పంపేటప్పుడు వీడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, 2 జీబీ వరకూ క్వాలిటీ తగ్గకుండా వెళ్తుంది. క్యాసెట్‌ను మాత్రం పారేయొద్దు. పూర్తిగా రివైండ్ చేసి, పుస్తకంలా నిలబెట్టి, స్పీకర్లకు, తడి గోడకు దూరంగా పెట్టండి.