స్వరలిపి వ్రాయు బల్లను సర్దుకొనుట

సీసపు అక్షరములను చేతితో కూర్చిన అచ్చుకూటములను కన్నులార చూచినవారు మనలో నేటికిని కొందరు కలరు. కంపోజిటరు నిలుచుండు చోట, అతని కెదురుగా, ఏటవాలుగా ఒక కేసు ఉండెడిది. అందు చిన్న చిన్న గళ్లు. ఆ గళ్లలోని అక్షరములు మనము బడిలో నేర్చిన వరుసలో ఉండెడివి కావు. మాటిమాటికి వలసినవి చేతికి దగ్గరగను, అరుదుగా వచ్చునవి దూరముగను ఉండెడివి. తెలుగున గుణింతములును వత్తులును చేరి అచ్చుల సంఖ్య వందలకు పెరుగుటచేత ఒక కేసు చాలెడిది కాదు. అయినను తన కలవాటైన కేసుల నడుమ కంపోజిటరు గళ్లవంక చూడకయే పని చేయగలిగెడివాడు. పరాయి కేసు వద్ద నిలిపినచో ఆ మనిషియే తడబడెడివాడు.

నేడు సంగీతమును వ్రాయు పని కంప్యూటరు మీదికి వచ్చినది. మన యిండ్లలో కీబోర్డో, వయొలినో నేర్చుకొను బాలబాలికలు స్టాఫ్ నొటేషన్ చదువుచున్నారు. కొందరు తామే వ్రాయుచున్నారు. వారికిని, వారి పెద్దలకును ఒక చిన్న విషయమును చెప్పవలెనని మా తలంపు. స్వరములు వ్రాయుటకు ముందు, అవి వ్రాయు తెరను తమ పనికి తగినట్లు సర్దుకొనవలెను. చిన్న విషయమే, కాని దాని విలువ తెలియుటకు మాకొక దినము పట్టినది.

కొంతకాలము క్రిందట మేమొక లలితగీతమునకు వాద్యభాగములు సిద్ధము చేయించుచుంటిమి. నాలుగు వయొలిన్లు, ఒక చెల్లో, ఒక వేణువు, ఒక కీబోర్డు. వ్రాయువాడు యువకుడు, సమర్థుడు. అతని చేతనున్నది చిన్న ల్యాప్‌టాప్. తెరకు ఎడమవైపున చిహ్నముల పట్టిక. క్రింది భాగమున వాద్యముల ధ్వనిని హెచ్చించుటకు, తగ్గించుటకు ఉపయోగించు మిక్సర్. దానితోపాటు పియానో మెట్ల బొమ్మ. ఇవన్నియు పోగా సంగీతమునకు మిగిలిన చోటు తెరలో సగమునకు మించదు. ఏడు వాద్యములలో అట్టడుగు వరుస చెల్లోది. ఆ వరుస ఎప్పుడును మిక్సర్ చాటుననే ఉండిపోయినది.

మరునాడు వాద్యకులు స్టూడియోలో కూర్చుండిరి. చరణమునకు వచ్చుసరికి వయొలిన్లు అంతర గాంధారమును పలుకుచుండగా చెల్లో సాధారణ గాంధారమును పలికినది. గాయని రెండు మారులు ఆగి, “క్రింద ఏదో కుదరటము లేదండీ” అనెను. కారణము వెదకుటకు, కాగితములు దిద్దుటకు అరగంట పోయినది. మాకు మిగిలిన కాలము ఒక్కసారి పాడి ముగించుటకు మాత్రమే చాలినది. ఇంకొక మారు పాడియుండినచో ఆ పాట ఇంకను బాగుండెడిదని నేటికిని మా మనస్సునకు తోచుచుండును. ఆ యువకుడు, “తప్పు నాదే సార్, ఆ వరుస నాకు కనబడనే లేదు” అనెను. ఆ మాటలో రెండు భాగములును నిజమే. కాని ముందునాడు అతని ప్రక్కన కూర్చుండి, అదే తెరను చూచి, “బాగున్నది” అని లేచి వచ్చినవారము మేమే కదా!

ఇక అసలు విషయమునకు వత్తము. స్వరలిపి వ్రాయు సాఫ్ట్‌వేర్లు నేటివి కావు. ఫినాలే 1988లో అమెరికాలో వెలువడినది. సిబేలియస్ 1993లో ఇంగ్లండున ఫిన్ సోదరుల చేతిమీదుగా వచ్చినది. జర్మనీ దేశీయుడైన వెర్నర్ ష్వేర్ 2002లో ఆరంభించిన మ్యూజ్‌స్కోర్ నేడు ఎవరైనను వెల లేకుండ పొందదగినది. సిబేలియస్ రూపకర్తలలో కొందరు వేరొక సంస్థకు చేరి చేసిన డొరికో 2016లో వెలువడినది. మన యిండ్లలో ఖర్చు లేక దొరకునది మ్యూజ్‌స్కోర్ గావున, దానినే దృష్టాంతముగా గ్రహింతము. 2022 డిసెంబరులో వచ్చిన దాని నాలుగవ రూపమును మనస్సున నుంచుకొని చెప్పుచున్నాము.

ఈ తెరలన్నియు ఇంత కిక్కిరిసియుండుటకు కారణమేమి? పాశ్చాత్య స్వరలిపిలో స్వరమునకు ఒక గుర్తు, కాలమునకు ఒక గుర్తు, బలమునకు ఒక గుర్తు, విల్లు లాగు విధమునకు ఒక గుర్తు; ఈ రీతిగా చిహ్నములు వందలకొలది కలవు. చర్చిలో ఆర్గన్ వాయించువాడు, బ్యాండులో డోలు కొట్టువాడు, బడిలో గిటారు నేర్పువాడు, అందరును కొనవలసినది ఒకే సరుకు. ఎవరికేది వలయునో తయారుచేయువారికి తెలియదు గావున అందరికిని పనికివచ్చునట్లు పరచి పెట్టిరి. కొత్త యింటిలో సామానులు దింపిపోయిన బండివాని వంటిదే వారి పని. ఏ వస్తువు ఏ గదిలో ఉండవలెనో నిర్ణయించుకొనవలసినది గృహస్థుడు.

మ్యూజ్‌స్కోర్ తెరపై ఎడమప్రక్కన మూడు ప్యానెళ్లు ఒకదాని వెనుక నొకటిగా ఉండును. ప్యాలెట్లు అనునది చిహ్నముల పెట్టె. ఇన్‌స్ట్రుమెంట్స్ అనునది వాద్యముల జాబితా. ప్రాపర్టీస్ అనునది మనము పట్టుకొన్న గుర్తు యొక్క గుణములను చూపునది. పైభాగమున స్వరములు వ్రాయు టూల్‌బార్ ఉండును. మిక్సర్, పియానో మెట్లు క్రింది భాగమున తెరచుకొనును.

వీనిలో మొదట నేర్వవలసినది తెరచుట కాదు, మూయుట. కీబోర్డుపై ఎఫ్9 అను మీటను నొక్కినచో ప్యాలెట్లు మరుగగును. మరల నొక్కినచో తిరిగి వచ్చును. ఎఫ్7 వాద్యముల జాబితాకు, ఎఫ్8 ప్రాపర్టీస్‌కు, ఎఫ్10 మిక్సర్‌కు, పి అను అక్షరము పియానో మెట్లకు అదే పని చేయును. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఈ ఎఫ్ మీటలు ధ్వనిని, వెలుతురును మార్చు పనికి నియోగింపబడియుండును. అప్పుడు ఎఫ్‌ఎన్ అను మీటను కూడ కలిపి నొక్కవలెను. మా యువకునికి ఆనాడు వలసినది ఎఫ్10 పై ఒక్క నొక్కు మాత్రమే.

రెండవది కదల్చుట.  ప్యానెల్‌ను దాని తలభాగమున మౌస్‌తో పట్టి లాగినచో అది తన చోటు వీడి వచ్చును. దానిని కుడివైపునకు చేర్చవచ్చును. విడిగా తేలునట్లు ఉంచవచ్చును. ఇంట రెండవ తెర ఉన్నచో దానిపైకి పంపవచ్చును. చిన్న తెర గలవారు ప్యానెళ్లను పైన క్రింద ఉంచుటకంటె ప్రక్కల నుంచుట మేలు. తెరకు వెడల్పు హెచ్చు, ఎత్తు తక్కువ. సంగీతపు వరుసలకు వలసినది ఎత్తు. ఇట్లు కదల్చుటలో అంతయు చిందరవందర యైనచో భయపడ నక్కరలేదు. వ్యూ అను మెనూలో మొదటి అమరికను తిరిగి తెచ్చు ఆజ్ఞ యొకటి కలదు. పిల్లలకు దీనిని ముందుగా చూపినచో వారు ధైర్యముగా ప్రయోగములు చేయుదురు.

మూడవది ఏరుకొనుట. స్వరములు వ్రాయు టూల్‌బార్ చివర పండ్ల చక్రము గుర్తు ఉండును. దానిని నొక్కినచో టూల్‌బార్‌పై నున్న బొత్తాముల జాబితా వచ్చును. మనకు వలయునవి ఉంచి తక్కినవి దాచవచ్చును. ప్యాలెట్లును అట్లే. గిటారు గుర్తులతో పనిలేని వయొలిన్ విద్యార్థి వానిని తొలగింపవచ్చును. తొలగించినవి నశించిపోవు, చేర్చు బొత్తాము క్రింద మరల దొరకును. మనకై మనము క్రొత్త ప్యాలెట్‌ను సృష్టించుకొని, కంట్రోల్, షిఫ్ట్ మీటలు పట్టి, కాగితముపై వ్రాసిన గుర్తునో మాటనో అందులోనికి లాగి పడవేయవచ్చును. అప్పటినుండి అది ఒక్క నొక్కుతో లభించును.

ఈ చివరి సౌకర్యము మనవంటివారికి విశేషముగా పనికివచ్చునది. పాశ్చాత్యులు కూర్చిన పెట్టెలో మన కంపితము లేదు, స్ఫురితము లేదు. స్వరములకు పైన తెలుగున చిన్న మాటగా వ్రాసి, ఆ మాటను మన ప్యాలెట్‌లో దాచుకొనవచ్చును. గమకమంతయు దీనివలన కాగితముపైకి వచ్చునని మేము చెప్పజాలము. అది గురుముఖమున రావలసినదే. అయినను ఇచట గమకము కలదని వాద్యకునకు హెచ్చరిక చేయుట సాధ్యము. ఇట్టి యత్నము మనవారికి క్రొత్తది కాదు. 1904లో ఎట్టయపురమున అచ్చయిన సుబ్బరామ దీక్షితులవారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగు లిపిలో వెలువడిన గ్రంథము. అందు గమకములకు ప్రత్యేకమైన గుర్తులను కల్పించి అచ్చు వేసిరి. ఆ గ్రంథమునకు ప్రేరకుడైన చిన్నస్వామి మొదలియారు స్వయముగా మన కృతులను పాశ్చాత్య స్వరలిపిలో ప్రకటించినవాడు. తమ సంగీతమునకు వలసిన గుర్తు కేసులో లేదని వారు ఊరకుండలేదు. గుర్తును చేసి కేసులో చేర్చిరి.

నాలుగవది, ఈ ఏర్పాటులను పేరు పెట్టి భద్రపరచుట. దీనిని వర్క్‌స్పేస్ అందురు. వ్యూ మెనూలో క్రొత్త వర్క్‌స్పేస్ తెరచి పేరిడినచో, ఏ ప్యానెల్ ఎచట నుండవలెనో ఆ పేరు క్రింద నిలుచును. మా అనుభవమున మూడు చాలును. మొదటిది వ్రాయుటకు: ఎడమన ప్యాలెట్లు మాత్రమే. రెండవది వినుటకు: మిక్సర్ తెరచి, ప్యాలెట్లు మూసి. మూడవది దిద్దుటకు: ప్యానెళ్లన్నియు మూసి, అన్ని వాద్యముల వరుసలును పై నుండి క్రింది వరకు ఒక్క చూపున కనబడునట్లు. వ్రాయునప్పుడు సంగీతము ఒకే పొడుగాటి వరుసగా సాగు దృశ్యమును, దిద్దునప్పుడు పుటల దృశ్యమును ఎంచుకొనుట మంచిది. వాద్యకుడు చూచునది పుటయే కదా! డొరికోను చేసినవారు ఈ విభజనను తామే చేసి, వాద్యముల ఏర్పాటు, రచన, పుటల తీర్పు, వాదన, ముద్రణ అని ఐదు విధానములుగా ఉంచిరి. ఒక్కొక్క పనికి ఒక్కొక్క చూపు కావలెనను విషయమున అందరి అనుభవము ఒక్కటే.

చేయి కుదిరిన కొలది ప్యానెళ్ల అవసరము తగ్గును. ఎన్ నొక్కి స్వరములు వ్రాయుట కారంభించి, ఎ మొదలు జి వరకు గల అక్షరములతో స్వరమును, అంకెలతో కాలమును చెప్పవచ్చును. మ్యూజ్‌స్కోర్‌లో 5 ఒక అక్షరకాలమునకు సరిపోవు క్రోచెట్, 4 అందు సగము, 6 దానికి రెట్టింపు. వారము దినములు ఇట్లు వ్రాసినవాడు మౌస్ కొరకు చేయి చాచుట మానును.

ఇంతవరకు చెప్పినది సౌకర్యమును గూర్చి. కన్ను లేనివారికి ఇది సౌకర్యము మాత్రము కాదు, ప్రవేశద్వారము. తెరపై నున్నదానిని చదివి వినిపించు సాఫ్ట్‌వేర్ సహాయముతో, కేవలము కీబోర్డుతోనే పని చేయువారు మ్యూజ్‌స్కోర్ వాడుకొనగలరు. 2023లో వెలువడిన 4.1 రూపమున, తెరపై నున్న సంగీతమును అప్పటికప్పుడే బ్రెయిల్ స్వరలిపిగా చూపు ప్యానెల్ చేర్చబడినది. లూయీ బ్రెయిల్ 1829లో ప్రకటించిన తన పుస్తకముననే మాటలతోపాటు సంగీతమునకును చుక్కల లిపిని చూపెను. అంధులైన వాద్యకులు మన సంగీత లోకమున నేడును ఎందరో కలరు. ఇతరులకు అక్కరలేని ఆ ఒక్క ప్యానెల్ వారికి సర్వస్వము. ఏ ప్యానెల్ ఉండవలెను, ఏది మూయవలెను అను ప్రశ్నకు అందరికిని ఒకే సమాధానము లేదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

ఒక హెచ్చరికతో ముగింతము. సర్దుకొనుటయే పనిగా పెట్టుకొని, పాట వ్రాయుట మరచువారును కలరు. గంటసేపు సర్దినచో చాలును. తక్కినది పని చేయుచు దిద్దుకొనవచ్చును. మరియొక విషయము. ముప్పదియారు సంవత్సరములు నడచిన ఫినాలే అభివృద్ధిని ఇక నిలిపివేయుచున్నామని దాని యజమానులు 2024 ఆగస్టులో ప్రకటించిరి. ఎందరో రచయితలు ఎన్నో ఏండ్లుగా తీర్చుకొన్న తెరలు వారి వెంట వేరొక సాఫ్ట్‌వేర్‌లోనికి రాలేదు. మ్యూజిక్ ఎక్స్‌ఎమ్‌ఎల్ అను సర్వసామాన్యమైన రూపమున దాచుకొన్న సంగీతము మాత్రము చాలవరకు వచ్చినది. కావున తెరను మీ యిష్టమువచ్చినట్లు సర్దుకొనుడు; కాని వ్రాసిన ప్రతి పాటకును ఆ రూపమున ఒక ప్రతిని వేరుగా భద్రపరచుడు.

మా యువకుడిప్పుడు దిద్దుటకు వేరు వర్క్‌స్పేస్ పెట్టుకొనినాడు. దానికి అతడు పెట్టిన పేరు “చెల్లో”. వాద్యభాగములు కాగితముపైకి పోవుటకు ముందు దానిని తెరచి, మమ్ము ప్రక్కన కూర్చుండబెట్టుకొని, అట్టడుగు వరుస నుండి పైకి చదువుచున్నాడు. మేమును వెనుకటివలె లేచి రాక, చివరి వరకు కూర్చుండుచున్నాము.