నిరీక్షణ అంటే ఎదురుచూపే

ఆగమన కాలములో మొదటి ఆదివారము గడిచింది. మొదటి కొవ్వొత్తి వెలిగించిన సంఘాలలో దానిని నిరీక్షణ అని పిలుస్తారు. ఆ మాటను గూర్చి ఈ పూట ఆలోచిద్దాము.

క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారములను అడ్వెంట్ అంటారు. అది లాటిను మాట, రాకడ అని అర్థము. మన సంఘాలలో రాకడ అనగానే రెండవ రాకడే గుర్తుకొస్తుంది. అందులో తప్పు లేదు. పశువుల తొట్టిలోనికి వచ్చిన రాకడను, మేఘారూఢుడై రాబోయే రాకడను కలిపి ధ్యానించుటకే ఈ కాలమున్నది. స్టార్లు కట్టుట, బట్టలు కుట్టించుట, క్యారల్స్‌కు బండి మాట్లాడుట, వీటిలో పడి మనము దాన్ని పోగొట్టుకుంటున్నాము.

లోకములో నిరీక్షణ అంటే ఎదురుచూపు. మన తెలుగు బైబిలులో అదే మాట నిశ్చయమైన ఆశకు వాడబడింది. రోమా పత్రిక 8వ అధ్యాయము 23 నుండి 25 వచనాలు తీసి చదవండి. కళ్లెదుట ఉన్నదాని కొరకు ఎవరూ ఎదురుచూడరని పౌలు వాదము. ఆయన దేనికొరకు ఎదురుచూడుమన్నాడో గమనించండి, మన దేహము విడిపించబడుట కొరకు!

ఎదురుచూచుట ఎలాగో మన జిల్లాలవారికి ఒకరు నేర్పనక్కరలేదు. పాలమూరులో వలసపోయిన కొడుకు పండుగకైనా వస్తాడా అని వాకిట్లో కూర్చున్న తల్లికి తెలుసు. నల్గొండలో నీళ్లు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. అది కూడా ఆగమన కాలమే, మూడవ ఆదివారానికి ముందురోజు. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదిలారు. మిర్యాలగూడ వైపు పొలాలు పచ్చబడ్డాయి. మునుగోడు, మర్రిగూడ వైపు ఎత్తు నేలలకు ఆ నీరు ఎక్కలేదు. అక్కడ బోరునీళ్లే తాగారు. రాతిపొరల నుండి ఫ్లోరైడు కలిసిన నీళ్లవి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే ఏండ్లు గడిచేకొద్దీ ముందు పండ్లు గారపడతాయి, తరువాత ఎముకలు బిగుసుకొని నడుము వంగిపోతుంది. పటిక, సున్నముతో నీటిని శుద్ధిచేసే ఒక పద్ధతికి 1970లలో మన జిల్లా పేరే పెట్టారు. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్‌తో మొదలైన మిషన్ భగీరథ కృష్ణా నీటిని ఇండ్లకు తెచ్చింది. దేవునికి స్తోత్రము. పసిబిడ్డలకు అది గొప్ప మేలు. అయితే ఒకసారి వంగిన ఎముకను మంచినీళ్లు తిరిగి నిలబెట్టలేవు. వైద్యములో కూడా దానికి పూర్తి స్వస్థత లేదు.

అలాంటి అవ్వ ఎదుట నిలబడి మనము నిరీక్షణ గూర్చి ఏమి చెప్పగలము?

లూకా 13వ అధ్యాయములో పదునెనిమిది ఏండ్లు నడుము వంగిపోయిన స్త్రీ ఉంది. ఆమె అడగలేదు. ప్రభువే చూచి, పిలిచి, చేతులుంచి నిలబెట్టాడు. ఈ భాగము చదివి, విశ్వాసముంటే నీ నడుము రేపే నిటారవుతుందని చెప్పే బోధకులున్నారు. అది జరగకపోతే నీకు విశ్వాసము చాలలేదంటారు. సహోదరులారా, ఆ మాట ఆమె వీపు మీద ఇంకొక మూట పెట్టడమే. ప్రభువు ఆమెను అబ్రాహాము కుమార్తె అన్నాడు. ఎవరూ ముఖమైనా చూడని మనిషికి సంఘములో స్థానమిచ్చాడు. ఆమె నిలబడిన దినము, దేహములన్నీ నిలబడబోయే దినమునకు సూచన. మొదటి రాకడలో అది చూపించాడు, రెండవ రాకడలో పూర్తిచేస్తాడు. మనము ఆ రెంటి మధ్య ఉన్నాము.

సుమెయోనును చూడండి. జీవితమంతా కనిపెట్టి చివరికి చూచినది సింహాసనము కాదు, ఒక పసిబిడ్డను. హేరోదు గద్దె మీదే ఉన్నాడు. అయినా సమాధానముతో వెళ్లిపోతానన్నాడు.

సంఘ పెద్దలకు ఒక మనవి. రెండవ ఆదివారము ఆరాధనకు ముందు, గుడి మెట్లు ఎక్కలేని వారెవరో పేర్లు రాయండి. కుర్చీ తీసుకొనిపోయి తీసుకురండి. రాలేనివారి ఇంటికే కొవ్వొత్తిని తీసుకువెళ్లి వెలిగించండి. వారి ముఖము కనబడునట్లు మీరు కింద కూర్చోండి. ఇప్పుడు ప్రార్థించుకుందాము.