రాలిన ఆకుల కింద అడవికోడి మేత

హనుమకొండలోని సుబేదారి నుంచి ములుగు మీదుగా గోదావరి వైపు వెళితే సుమారు నూరు కిలోమీటర్ల దూరంలో ఏటూరునాగారం అభయారణ్యం ఉంది. భారతదేశంలోని రెండు అడవికోడి జాతుల విస్తృతికి స్థూలంగా సరిహద్దుగా పక్షిశాస్త్రవేత్తలు పేర్కొనేది ఈ గోదావరినే. నదికి ఈశాన్యంగా ఎర్ర అడవికోడి, దక్షిణంగా ద్వీపకల్ప అడవులలో బూడిదరంగు అడవికోడి ప్రధానంగా నివసిస్తాయి. మన పెరటికోడికి ముఖ్య పూర్వికజాతి మొదటిది. చర్మానికి పసుపురంగునిచ్చే జన్యువు మాత్రం రెండవ జాతి నుంచి వచ్చినట్లు 2008లో వెలువడిన పరిశోధన తెలిపింది. కనుక అడవికోడి ఏమి తింటుంది, ఎలా వెదుక్కుంటుంది అన్న విషయం అటవీ సంరక్షణకే గాక కోళ్ల పెంపకానికి కూడా ఉపయోగపడుతుంది.

ఋతువును బట్టి ఆహారం

అడవికోడి సర్వభక్షకి. గడ్డిగింజలు, రాలిన ధాన్యం, లేత చిగుళ్లు, దుంపలు, రేగు, మర్రి, లంటానా వంటి పండ్లు, చెదలు, చీమలు, మిడతలు, పురుగుల డింభకాలు దీని ఆహారం. ఏ కాలంలో ఏది సమృద్ధిగా లభిస్తే దానివైపు మొగ్గుతుంది. తొలకరి వానలకు ఉసిళ్లు లేచినపుడు వాటినే కడుపునిండా తింటుంది. వెదురు అనేక సంవత్సరాలకొకసారి సామూహికంగా పూసి గింజ రాల్చినపుడు అడవికోళ్లు ఆ పొదల కింద గుంపులుగా చేరుతాయి. పిల్లలకు తొలి వారాలలో వేగంగా పెరగడానికి మాంసకృత్తులు ఎక్కువగా కావాలి. అందుచేత వాటి మేతలో చీమలు, చెదలు, చిన్న పురుగులదే పెద్ద వాటా.

మేత వెదికే తీరు

ఉదయం, సాయంత్రం వేళలలో ఈ పక్షులు పొదల అంచులకు, అడవిని ఆనుకొన్న చేలకు వచ్చి మేస్తాయి. ఎండ ముదరగానే నీడకు చేరుతాయి. కాలితో ఆకులను వెనుకకు చిమ్మడం, ఒక అడుగు వెనుకకు వేసి బయటపడిన దానిని పొడిచి తినడం వీటి పద్ధతి. పశువుల పేడను కెలికి అందులోని పురుగులను కూడా ఏరుకుంటాయి. పుంజు మంచి మేతను చూసినపుడు ప్రత్యేకమైన కూతతో పెట్టలను పిలుస్తుంది. మింగిన గింజలు మెడ కింది మేతసంచిలో నిలువ ఉండి, తరువాత కందనకాయలో చిన్న రాళ్ల సాయంతో నలుగుతాయి.

ఈ ప్రవర్తనకు ఆకలి ఒక్కటే కారణం కాదు. ఇంగ్లండులోని ఒక జంతుప్రదర్శనశాలలో స్వేచ్ఛగా తిరిగే ఎర్ర అడవికోళ్లను పరిశీలించిన మేరియన్ డాకిన్స్ తన ఫలితాలను 1989లో ప్రచురించారు. వాటికి క్రమంగా మేత అందుతున్నప్పటికీ, గమనించిన నిమిషాలలో 60 శాతం నిమిషాలలో నేలను పొడవడం, 34 శాతం నిమిషాలలో కాళ్లతో కెలకడం కనిపించింది. కెలకడం ఈ పక్షికి సహజావసరమని దీనివల్ల గ్రహించవచ్చు.

నిప్పుతో కలిగే నష్టం

అడవికోడి మేతపొలం రాలిన ఆకుల పొరయే. దానికింద తేమ నిలుస్తుంది, చెదలు, పురుగులు పెరుగుతాయి, గింజలు దాగి ఉంటాయి. మన అడవులలో మార్చి, ఏప్రిల్ నెలలలో ఇప్పపూవు ఏరుకొనేందుకు వీలుగా చెట్టు కింది ఆకులకు, తునికి చిగుళ్లు బాగా రావాలని పొదలకు నిప్పు పెట్టే అలవాటు ఉంది. పెట్ట నేలమీది గుంటలో గుడ్లు పెట్టి పొదిగే కాలం కూడా అదే. అంటే ఒకే మంట గూటిని, పొదిగిన పిల్లలకు కావలసిన పురుగులను, తల దాచుకొనే పొదను ఒక్కసారిగా హరిస్తుంది. వేటను వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 నిషేధించింది. అయితే వేట ఆగినా, మేత కాలిపోయిన అడవిలో పక్షి నిలవలేదు.

ఇప్పపూవు, తునికాకు గిరిజన కుటుంబాలకు జీవనాధారం. కాబట్టి నిప్పు వద్దని చెప్పడంతో సరిపోదు, మరొక మార్గం కూడా చూపాలి. ఇప్పచెట్టు కింద ఆకులను కాల్చకుండా ఊడ్చి, పాత చీరలు గాని వలలు గాని పరిస్తే పూవు మట్టి అంటకుండా శుభ్రంగా దొరుకుతుంది. శుభ్రమైన పూవు నాణ్యత కూడా మెరుగుగా ఉంటుంది. తునికి పొదలను కాల్చడానికి బదులు కొట్టివేసినా కొత్త చిగుళ్లు వస్తాయి.

పెరటి పెంపకానికి సూచనలు

హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటి కోళ్లు పెరట్లో తిరిగి మేసే పద్ధతికి అనువైనవి. వీటిని పెంచే రైతులు అడవికోడి మేత తీరునుంచి మూడు విషయాలు గ్రహించవచ్చు.

• పెరట్లో ఒక మూల ఎండుటాకులు, పాత పేడ కుప్పగా వేసి ఉంచితే కోళ్లు కెలికి పురుగులను ఏరుకుంటాయి.
• పిల్లలకు తొలి వారాలలో నూకలు మాత్రమే వేయక, మాంసకృత్తులు తగినంతగా గల దాణా ఇవ్వాలి.
• తిరిగి మేసే కోళ్లకు దొరికే మేత ఋతువును బట్టి మారుతుంది కనుక, వేసవిలో అదనపు దాణా, నీరు తప్పక అందించాలి.

అడవి అంచు గ్రామాలలో పెరటికోళ్లను అడవిలోకి వదలకుండా, సకాలంలో టీకాలు వేయించడం మరింత అవసరం. పెరటికోళ్ల రోగాలు అడవికోళ్లకు సోకకుండా, రెండింటి సంకరం వల్ల అడవిజాతి స్వచ్ఛత చెడకుండా ఈ జాగ్రత్త తోడ్పడుతుంది.